నోటిఫికేషన్ ఎప్పుడొచ్చింది సార్?

జనగామ ఆర్టీసీ చౌరస్తా దగ్గర్లోని ఆ నెట్ సెంటర్ బోర్డు మీద షాపు పేరు కంటే పనుల పట్టికే పెద్దక్షరాల్లో ఉంది. జిరాక్స్, లామినేషన్, పాన్ కార్డు, దోస్త్ అడ్మిషన్లు, ఫొటో సైజు తగ్గించబడును. సంక్రాంతి వెళ్లిన వారం. పండక్కి ఇళ్లకొచ్చిన పిల్లలు పనిలో పనిగా దరఖాస్తులు కూడా ముగించుకుని పోదామని వచ్చినట్టున్నారు, బెంచీ మీద చోటు లేదు.

కమ్యూనికేషన్, జర్నలిజంలో పీజీ చేయాలనుకునేవాళ్లు ఈ జిల్లా నుంచి ఎట్లా దరఖాస్తు చేస్తున్నారో చూద్దామని నేను వెళ్లాను. ఆ మాట చెబితే షాపాయన కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే నవ్వాడు. ‘‘బీఈడీ అనుండ్రి, గ్రూప్స్ అనుండ్రి, కానిస్టేబుల్ అనుండ్రి, లైన్ కడతరు. జర్నలిజం అంటే యాడాదికి ఇద్దరో ముగ్గురో సార్. అండ్ల ఒకరు ఇయ్యాల్నే వచ్చిన్రు, చూడుండ్రి.’’

డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయి. ఊరు లింగాల ఘనపురం మండలంలో. సెంట్రల్ యూనివర్సిటీలో ఇట్లాంటి కోర్సు ఒకటుందని ఆమెకు తెలిసింది సీనియర్ పెట్టిన వాట్సాప్ స్టేటస్ చూసి. అదీ మాయమయ్యే లోపు చూసింది కాబట్టి. నేనెందుకు వచ్చానో తెలిశాక ఆమె మొదట అడిగిన మాట, ‘‘నోటిఫికేషన్ ఎప్పుడొచ్చింది సార్? మా కాలేజ్ల ఎవ్వరూ చెప్పలే.’’

సమాచారం జనానికి ఎట్లా చేరుతుందో నేర్పే కోర్సు ఇది. ఆ కోర్సు సంగతే జనగామకు చేరలేదు. ఇంతకు మించిన పాఠం మొదటి సెమిస్టర్‌లో ఉంటుందని నేననుకోను.

ద్వారాలు లేవని కాదు, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్లో ఎం.ఏ. కమ్యూనికేషన్ ఉంది, మీడియా స్టడీస్, మీడియా ప్రాక్టీస్ అని రెండు దారులుగా. వాటికి జాతీయ స్థాయి సీయూఈటీ-పీజీ రాయాలి. దరఖాస్తులు డిసెంబర్‌లోనో జనవరిలోనో తెరుస్తారు, పరీక్ష మార్చిలో. స్కోరు వచ్చాక మళ్లీ యూనివర్సిటీ వెబ్‌సైట్లో విడిగా నమోదు చేసుకోవాలి. ఈ రెండో మెట్టు దగ్గరే చాలామంది జారిపోతారు, పరీక్ష రాశాం కదా, వాళ్లే పిలుస్తారని కూర్చుంటారు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నాటిది. దానికి రాష్ట్ర స్థాయి సీపీగెట్, వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. అది వేసవి దాటాక జులై, ఆగస్టులకు వస్తుంది. ఇక తెలుగు విశ్వవిద్యాలయం దారి వేరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరు ఇప్పుడు దానికి పెట్టారు. అక్కడి జర్నలిజం కోర్సుకు సొంత ప్రకటన వేస్తారు. మూడు చోట్లా చదివేది దాదాపు ఒకటే, క్యాలెండర్లు మాత్రం మూడు. జనవరి తప్పితే ఆగస్టు ఉందని ఎవరైనా చెబితే గదా.

షాపాయన ఆ అమ్మాయి సీయూఈటీ-పీజీ దరఖాస్తు పని మొదలుపెట్టాడు. ముందుగా పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి వేలితో అక్షరం అక్షరం చూశాడు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే. ‘‘మెమోల ఉన్నదే కొట్టాలె చెల్లె. ఆధార్ తర్వాత మార్పించుకో, కానీ మర్చిపోకు’’ అన్నాడు. సంతకం తెల్ల కాగితం మీద చేయించి, సెల్లుతో ఫొటో తీసి, అంచులు కత్తిరించి, కేబీలు తగ్గించాడు. ఫొటోలో చెవులు కనపడాలని జుట్టు వెనక్కి దువ్వుకోమని అద్దం ఇచ్చాడు. అద్దం షాపులో ఎందుకుందో అప్పుడర్థమైంది.

అసలు చిక్కు కులం కాగితం దగ్గర వచ్చింది. ఆమె ఫైల్లో మీసేవ సర్టిఫికెట్ భద్రంగా ఉంది. రాష్ట్రంలో చెల్లుతుంది, కేంద్రంలో చెల్లదు. మన దగ్గర బీసీలను ఏ నుంచి ఈ వరకు ఐదు గ్రూపులు చేశారు. కేంద్రానికి అట్లాంటి గ్రూపుల్లేవు, అందరికీ కలిపి ఒకటే ఓబీసీ, 27 శాతం. కులం కేంద్ర జాబితాలో ఉండాలి, కుటుంబం క్రీమీలేయర్‌లోకి రాదని తహసీల్దారు కేంద్ర నమూనాలో విడిగా రాసివ్వాలి. పైగా దాన్ని ఆర్థిక సంవత్సరం లెక్కన చూస్తారు. ఇప్పుడు తీసుకుంటే ఏప్రిల్ దాటాక, అంటే సరిగ్గా సీటిచ్చే వేళకు, మళ్లీ కొత్తది కావాలనొచ్చు. ‘‘రెండు సార్లు తిరగాల్నా అన్నా?’’ అంది ఆ అమ్మాయి. ‘‘తిరగాలె’’ అన్నాడాయన, ఇంకో మాట లేకుండా.

కాగితాలు జిరాక్స్ అయ్యేలోపు, సెంట్రల్ యూనివర్సిటీలో ఏం నేర్పుతారు సార్ అని అడిగింది. గచ్చిబౌలి క్యాంపస్‌లో ‘బోల్ హైదరాబాద్’ అని 90.4 మీద సొంత ఎఫ్ఎం ఉందని, 2011 నుంచి కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం నడుస్తోందని చెప్పాను. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్న సంగతి కూడా చెప్పాను. అది వినగానే ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. ‘‘మా ఊర్ల గట్ల పెట్టొచ్చా?’’ ఒక్క మనిషి పేరు మీద లైసెన్సు రాదు. విద్యాసంస్థో, కృషి విజ్ఞాన కేంద్రమో, కనీసం మూడేళ్లుగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థో అడగాలి. అది చెబితే ఫైలు అట్ట వెనక రాసుకుంది. ఒగ్గు కథను ఊరూరా వినిపించి సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా వెళ్లిన చుక్క సత్తయ్యది వాళ్ల మండలమే, మాణిక్యాపురం. ఆయన 2017లో పోయారు. చిన్నప్పుడు ఆయన కథ రాత్రంతా విన్నానంది. ఆ సంగతి రాయడానికి దరఖాస్తులో గడి లేదు. పరీక్షలో ప్రశ్నలు 75, ఒక్కోదానికి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి కోత. అంతే. వేలమందికి పరీక్ష పెట్టేవాళ్లకు మరో దారి లేదేమో. కానీ మీడియా చదువుకు పనికొచ్చే మనిషెవరో తేల్చే కొలత ఇదంటే మాత్రం ఒప్పుకోలేను.

బెంచీ చివర ఇంకొకాయన ఉన్నాడు, ముప్పైకి అటూ ఇటూ. ఓ దినపత్రికకు మండల విలేకరి. జీతం లేదు, రాసిన వార్తకు ఇంత అని లెక్క, పైగా ప్రకటనలు తెమ్మంటారు. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగు పత్రికలన్నీ ఇట్లాంటివాళ్ల మీదే నిలబడ్డాయి. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ 2000లో భారతీయ పత్రికల మీద పుస్తకం వేస్తే అందులో ఈ తెలుగు జిల్లా పేజీల కథ ఉంది, కమ్యూనికేషన్ విద్యార్థులు దాన్ని చదువుతారు. ఆ మాట చెబితే విలేకరి, ‘‘మా మీద పుస్తకమా?’’ అని కాసేపు నా ముఖంలోకి చూశాడు. ఆయనకు డిగ్రీ ఉంది. పీజీకి వయసు అడ్డేమో అనుకుంటున్నాడు. సీపీగెట్ సంగతి ఎప్పుడూ వినలేదు.

అమ్మాయి దరఖాస్తు మాధ్యమం గడి దగ్గర ఆగింది. ఇంగ్లిష్, హిందీ, రెండే. తెలుగులో బీఏ చదువుతున్న పిల్ల ఇంగ్లిష్ మీద నొక్కింది. పరీక్ష కేంద్రానికి మొదట వరంగల్, తర్వాత హైదరాబాద్. ఫీజు కట్టబోతే ఓటీపీ వాళ్ల నాన్న సెల్లుకు పోయింది, ఆయనేమో మార్కెట్ యార్డులో పత్తి బండి దగ్గరున్నాడు. ఫోన్ చేసి, ఆయన అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే షాపాయన కొట్టాడు. రసీదు ప్రింటు రెండు కాపీలు తీయించుకుంది. విలేకరి లేచి, సీపీగెట్ స్పెల్లింగు తన నోట్‌బుక్‌లో నాతో రాయించుకుని, వార్త పంపే టైమైందని బండి తీశాడు.