సముద్రం చూడటానికి ఎంత?

నిరుడు అమ్మీజాన్ సముద్రం చూడాలని ముచ్చటపడ్డారు. మేముండే కండ్లకోయ నుండి ఏ తీరానికైనా 300 కిలోమీటర్ల పైమాటే. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకే తీరాన ఓ ఖరీదైన రిసార్టులో రెండు రాత్రులు బస చేశాము. రోజు అద్దె 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం. టీ ఖర్చు సైతం వేరే! ఈతకొలనులో స్త్రీలకు ప్రత్యేక వేళలు లేవు. దాని ఖరీదూ చెల్లించి మా ఆడవారు గట్టున కూర్చున్నారు.

"ఇది ఉమ్రా కోసం దాచిన సొమ్ము కాదు కదా?" అని అమ్మీజాన్ రెండుసార్లు అడిగారు. కాదన్నాకే అన్నం ముట్టారు.

మెట్లు లేని గదికి, మంచి పరుపుకు పెట్టినది సార్థకమే. తక్కినది దుబారా అని మా లెక్క. తిరుగుదారిలో బాపట్ల చేరువన సూర్యలంకలో ఆగాము. అసర్ నమాజు ముగించి అమ్మీజాన్ ఇసుకలో పాదాలు చాచారు. ఆ అలలకూ ఈ అలలకూ తేడా ఆమెకు కనిపించలేదు.