మాస్కు సంగతి అడిగాను

సైన్యంలో పదిహేడు సంవత్సరాలు పనిచేసి, సీతంపేట కొండల్లోని మా ఊరికి తిరిగి వచ్చేసరికి నా దగ్గర ఒక ట్రంకుపెట్టె, పింఛను కాగితాలు మాత్రమే ఉన్నాయి. ఇద్దరు పిల్లల చదువులు. పింఛనుకు తోడు కొండచీపుళ్ళు, అనాస సంతలో అమ్మినా నెల గడవడం కష్టంగానే ఉండేది. నాలాంటి వారికి మామూలుగా దొరికేది గేటు దగ్గర కాపలా పని.

2012లో ఒక మేస్త్రీ మా ఊరు వచ్చాడు. విశాఖపట్నం వైపు ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పాత ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి తీసే పని అన్నాడు. కూలి రెట్టింపు. "పట్టాళంలో చేసినోరు, మీకు భయమేటి?" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మా అక్క కొడుకును కూడా వెంటబెట్టుకుని వెళ్లాను.

మరునాడు ఉదయం ట్యాంకు మూత తీసి, మా చేతికి తలా ఒక తడిగుడ్డ ఇచ్చారు. మాస్కు ఏదని అడిగాను. లోపలి గాలిని పరీక్షించారా, పైన తాడు పట్టుకునే మనిషి ఎవరు అని అడిగాను. "అందరూ ఇలాగే దిగుతున్నారు. నువ్వు సైనికుడివేనా?" అని సూపర్‌వైజరు నవ్వాడు. మా మేనల్లుడు అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టాడు. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. మధ్యాహ్నానికల్లా ఇద్దరినీ పంపించేశారు. బస్సు ఛార్జీలు కూడా మావే.

దారిలో వాడు ఒక్కటే మాట అన్నాడు: "నీకు పింఛనుంది మాఁవా. నాకేటుంది?"

ప్రియ చదువరులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి మాటలో నిజముంది. అయినా నేను చేసినది తప్పని అనుకోలేదు. విషవాయువు వచ్చినప్పుడు ఏమి చేయాలో సైన్యంలో మాకు నేర్పారు. మాస్కు తొడిగి, గాలి లోపలికి వచ్చే చోటు అరచేతితో మూసి, ఊపిరి పీల్చి చూడాలి. అంచుల నుండి గాలి వస్తే అది ఉన్నా లేనట్టే. గడ్డం పెరిగినా సరిగా అతుక్కోదు. సైనికుడు భయం లేనివాడు కాడు, ఈ క్రమం తప్పనివాడు. మేస్త్రీ కొనదలచినది నా ధైర్యాన్ని, నా శిక్షణను కాదు.

పాడుబడిన బావిలో దిగేముందు మన పెద్దలు దీపం దించి చూసేవారు. రసాయనాల ట్యాంకులో దీపం దించితే పేలిపోవచ్చు. అక్కడ మీటరు కావాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 19.5 కంటే తగ్గితే అలాగే దిగకూడదు. కుళ్ళిన గుడ్ల వాసన వేసే వాయువు మరీ ఎక్కువైతే, ఆ వాసన తెలుసుకునే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది గదా అని దిగినవాడు పడిపోతాడు. వాడిని తీయబోయిన తమ్ముడూ పడిపోతాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి వచ్చినప్పుడు 12 మంది చనిపోయారు. జాతీయ విపత్తు దళం వారు మాస్కులు తొడిగి ఇల్లిల్లూ వెదికారు. వారిని పిరికివారని ఎవరైనా అన్నారా?

అమెరికాలో విషపదార్థాలు పోసిన స్థలాలను శుభ్రం చేసే పనికి మాజీ సైనికులను కూడా తీసుకుంటారు. అయితే అటువంటి పనిలో దిగేవాడు సైనికుడైనా కాకపోయినా మామూలుగా ముందు 40 గంటల శిక్షణ, ఆపైన 3 రోజులు అనుభవజ్ఞుని కింద పని పూర్తిచేయాలని అక్కడి చట్టం. మన మాజీ సైనికులను కూడా అలా తర్ఫీదు ఇచ్చి తీసుకుంటే, వారే పక్కవారిని కాపాడగలరు.

మేనల్లుడు చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇప్పుడు విశాఖలోనే పని చేసుకుంటున్నాడు. కొత్త పనికి పిలుపు వస్తే ఫోను చేసి, "ఏటడగాల మాఁవా?" అంటాడు. మాస్కు, మీటరు, తాడు, పైన ఒక మనిషి అని చెబుతాను. వాడి పాత ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు. మన కొండబిడ్డలకు ప్రాణం పణంగా పెట్టని కూలి దొరికిన రోజున అదే జవాబు అవుతుంది.