ఆట ముగిసిన తరువాత

మేము సింహాచలంలో కాపురం పెట్టి పాతికేళ్ళు దాటింది. మా ఇంట్లో ఎవరికి ఏ సరదా ఉన్నా లేకపోయినా క్రికెట్ పిచ్చి మాత్రం అందరికీ ఉంది. 2005 ఏప్రిల్ 5న పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ధోని పాకిస్తాన్ మీద 148 పరుగులు కొట్టిన రోజున, ఏడాది బిడ్డను నాన్నమ్మ ఒడిలో పెట్టి మేమిద్దరం వెళ్ళి చూచి వచ్చాము. ఆ బిడ్డే మా పెద్దవాడు. అటువంటి ఇంట్లో పెరిగినవాడికి ఆట మీద మమకారం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. అయితే ఆట చూడడం నేర్పినంత శ్రద్ధగా ఓడిపోవడం వాడికి నేర్పలేదని మాకు ఆలస్యంగా తెలిసింది. బిడ్డలను పెంచుతున్న మీకు పనికివస్తుందని ఆ సంగతి వ్రాస్తున్నాము.

2019లో ఐపీఎల్ ప్లేఆఫ్ ఆటలు రెండు మన విశాఖకు వచ్చాయి. అప్పటి ఎనిమిది జట్లలో మొదటి నాలుగు స్థానాలు సంపాదించినవే ఆ దశకు చేరేవి. మొదటి రెండు జట్లకు ఒక ఆట ఓడినా ఇంకొక అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల వారికి ఆ భాగ్యం లేదు. ఓడితే ఇంటికే. ఆ యేడు మన సన్‌రైజర్స్ హైదరాబాద్ కేవలం 12 పాయింట్లతో, రన్‌రేటు పుణ్యమా అని నాలుగవ స్థానంలో నిలిచింది. అన్ని తక్కువ పాయింట్లతో ప్లేఆఫ్ చేరిన జట్టు అంతకు ముందు లేదు. మూడవ స్థానం ఢిల్లీ క్యాపిటల్స్‌ది. ఈ రెండింటి మధ్య జరిగే ఎలిమినేటర్ హైదరాబాద్‌లో జరగవలసింది. తెలంగాణలో స్థానిక ఎన్నికల మూలంగా మే 8న మన ఊళ్ళో పెట్టారు.

ఆ రోజుల్లో మా ప్రక్క వాటాలో ఢిల్లీ నుండి బదిలీ మీద వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన కేంద్ర ప్రభుత్వోద్యోగి. వాళ్ళ అబ్బాయిదీ, మా పెద్దవాడిదీ ఒకే ఈడు. ఇద్దరికీ అప్పటికి పదిహేనేళ్ళు. నాలుగేళ్ళుగా ఇద్దరికీ కలిపి ఒకటే బ్యాటు, ఒకటే జత కీపింగ్ గ్లవ్సు. గ్లవ్సు మా వాడివే అయినా ఎక్కువ రోజులు ఆ పిల్లవాడి చేతులకే ఉండేవి. వచ్చీరాని తెలుగులో మా అమ్మను "నాన్నమ్మా" అని పిలిచి, ఆమె చేతి చేపల పులుసు అడిగి మరీ తినేవాడు.

నాలుగు టికెట్లు దొరికాయి. మేమిద్దరం, పిల్లలిద్దరు బయలుదేరాము. ముందు రోజే కొండ మీద చందనోత్సవం. ఏడాదికొక్కసారి జరిగే నిజరూప దర్శనానికి వచ్చిన జనం ఇంకా పూర్తిగా తిరిగి వెళ్ళలేదు. అడవివరం నుండి హనుమంతవాక దాకా బస్సులు క్రిక్కిరిసి ఉన్నాయి. దారి పొడుగునా పిల్లలిద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఉన్నారు. ఒకడి ముఖానికి నారింజ రంగు, ఇంకొకడి ముఖానికి నీలం.

ఆట సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన వాళ్ళు 8 వికెట్లకు 162 చేశారు. ఢిల్లీ పిల్లవాడు పృథ్వీ షా 56 కొట్టాడు. ఇక పోయిందనుకొంటుండగా రషీద్ ఖాన్ ఒకే ఓవర్లో, ఒక్క పరుగూ ఇవ్వకుండా ఇద్దరిని పంపించాడు. స్టేడియం మోత మోగిపోయింది. తరువాత రిషభ్ పంత్ ఒక ఓవర్లో ఇరవైకి పైగా బాదాడు. అతడు 21 బంతుల్లో 49 చేసి ఔటయ్యేసరికి, చివరి ఓవర్లో ఢిల్లీకి 5 పరుగులు మిగిలాయి. బంతి ఖలీల్ అహ్మద్ చేతిలో ఉంది.

అప్పుడు జరిగింది అసలు సంగతి. అమిత్ మిశ్రా బంతిని తాకలేకపోయినా పరుగుకు బయలుదేరాడు. ఖలీల్ బంతి అందుకొని వికెట్ల మీదికి విసిరాడు. పరుగెత్తుతున్న మిశ్రా దారి మార్చి బంతికి అడ్డం వచ్చాడని మన వాళ్ళు అప్పీలు చేశారు. మూడవ అంపైరు మళ్ళీ మళ్ళీ చూచి ఔటిచ్చాడు. సరైన కారణం లేకుండా పరుగు దారి మార్చి, ఫీల్డరు విసిరిన బంతికి అడ్డుపడితే ఔటే. ఐపీఎల్‌లో ఆ విధంగా ఔటైన వారిలో 2013లో యూసుఫ్ పఠాన్ మొదటివాడు, మిశ్రా రెండవవాడు. ఇక రెండు బంతులు, రెండు పరుగులు. కీమో పాల్ ఫోరు కొట్టాడు. ఒక బంతి మిగిలి ఉండగా, రెండు వికెట్ల తేడాతో ఢిల్లీ గెలిచింది. ఐపీఎల్ ప్లేఆఫ్‌లో ఢిల్లీ గెలిచిన మొట్టమొదటి ఆట అదే.

మా ప్రక్కన ఉన్న ఢిల్లీ పిల్లవాడు గాలిలోకి ఎగిరాడు. ఎగిరి, అలవాటు ప్రకారం మా వాడి వైపు చెయ్యి చాచాడు. మా వాడు ఆ చెయ్యి పట్టుకోలేదు. "మీ వాళ్ళు మోసం చేసి గెలిచారు" అన్నాడు. ఆ పిల్లవాడి ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఔటిచ్చారు గదా" అని మాత్రం అన్నాడు. నిజమే. తప్పుకు శిక్ష అక్కడికక్కడే పడింది, వికెట్ పోయింది. ఆ తరువాత ఆట సవ్యంగానే ముగిసింది. కాని ఆ మాట మేము మా వాడికి చెప్పలేదు. పైగా బస్సు కోసం నిలబడినంత సేపూ "లేకపోతే మన వాళ్ళే గెలిచేవారు" అంటూ మేము కూడా గొణుగుతూనే ఉన్నాము. మా మాటలు వింటూ ఆ పిల్లవాడు ఒక్కడే దూరంగా నిలబడ్డాడు.

అంతటితో ఆగలేదు. రెండు రోజుల తరువాత, మే 10న, అదే స్టేడియంలో రెండవ క్వాలిఫయరులో ఢిల్లీ చెన్నై చేతిలో 6 వికెట్ల తేడాతో ఓడిపోయింది. మేము ఇంట్లో టీవీలో చూస్తున్నాము. చివరి పరుగు పూర్తి కాగానే మా వాడు ప్రక్క వాటా గోడ దగ్గరకు వెళ్ళి, అవతలికి వినపడేటట్లు ఈల వేసి చప్పట్లు కొట్టాడు. మేము వద్దనలేదు. నిజం చెప్పవలసి వస్తే, నవ్వాము. "ఒరే, ఆ గుంటడితో తగువేటిరా మీకు?" అని మా అమ్మ ఒక్కతే కోప్పడింది.

ఆ వారంలోనే కెనడా నుండి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడు టొరంటోలో ఉంటాడు. అక్కడివాళ్ళకు మంచు మీద ఆడే హాకీ అంటే ప్రాణం. కాళ్ళకు పదునైన ఇనుప పట్టీలున్న బూట్లు కట్టుకొని, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ళతో ఆడతారు. భుజాలతో గుద్దుకోవడం ఆ ఆటలో మామూలే, ఒక్కొక్కసారి కొట్టుకుంటారు కూడా. అక్కడి ప్లేఆఫ్‌లో రెండు జట్లు ఏడు ఆటల వరకు తలపడతాయి. ముందుగా నాలుగు గెలిచినవారు ముందుకు వెళతారు. ఆ యేడు ఏప్రిల్ 23న టొరంటో జట్టు ఏడవ ఆటలో బోస్టన్ చేతిలో 5–1 తేడాతో ఓడి ఇంటి ముఖం పట్టింది. టొరంటో ఆ కప్పు చివరిసారి గెలిచింది 1967లో. అంటే అప్పటికి యాభై రెండేళ్ళ నిరీక్షణ!

మేము మన ఓటమి గురించి, మా వాడి ఈల గురించి నవ్వుతూ చెప్పాము. వాడు నవ్వలేదు.

"మావయ్యా, ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మామూలు ఆటల తరువాత ఎవరి దారి వారిదే. ప్లేఆఫ్‌లో మాత్రం ఒక జట్టు ఓడి పోటీలో నుండి తప్పుకోగానే, ఇరవై మందికి ఇరవై మంది మంచు మీద వరుసగా నిలబడి, అవతలి వారందరికీ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, అప్పుడు లోపలికి వెళతారు. రెండు వారాలు ఒకరినొకరు గుద్దుకొన్నవాళ్ళే. కొందరికి కళ్ళ నీళ్ళు కూడా ఆరవు. అయినా వరుస తప్పించరు. మొన్న మా వాళ్ళు ఓడినప్పుడు నేను టీవీ కట్టేద్దామని లేచాను. ఆ వరుస చూచి మళ్ళీ కూర్చున్నాను."

ఆ మాట మాకు గట్టిగా తగిలింది. మామూలు రోజున చెయ్యి కలపడం ఏ పాటి పని? అంతా పోయిన రాత్రి, గొంతు పూడుకొనిపోయినప్పుడు కలపడం గదా కష్టం! మన క్రికెట్‌లోనూ ఆట కాగానే ఇరు జట్లు చేతులు కలుపుతాయి. ఆ రాత్రి కూడా కలిపారు. రంగు పూసుకొని కూర్చున్న మేమే కలపలేదు.

మా వాడిని పిలిచి, వెళ్ళి ఆ అబ్బాయితో మాట్లాడమన్నాము. రేపు అన్నాడు. ఆ రేపు పరీక్ష ఫలితాలలో, సెలవులలో వెనుకకు పోయింది. మేమూ గట్టిగా అడగలేదు. పెద్దవాళ్ళం మేమైనా ప్రక్క వాటా మెట్లెక్కి వెళ్ళామా అంటే అదీ లేదు. మే నెలాఖరున వాళ్ళకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. సామాను లారీ కెక్కించిన రోజున మా వాడు ట్యూషను పేరు చెప్పి బయటకు వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి మా గేటు ప్రక్క గోడ మీద కీపింగ్ గ్లవ్సు పెట్టి ఉన్నాయి. ఉతికి, ఎండబెట్టి, ఒకదానిలో ఒకటి దోపి పెట్టాడు. చీటీ కూడా లేదు. మా వాడు వాటిని లోపలికి తెచ్చి అటక మీద పడేశాడు. ఆ తరువాత వాటితో ఎన్నడూ ఆడలేదు.

మా చిన్నతనంలో మా నాన్నగారు గుండప్ప విశ్వనాథ్ గురించి చెప్పేవారు. 1980లో బొంబాయిలో స్వర్ణోత్సవ టెస్టు. ఇంగ్లాండు 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకొని ఉంది. కీపరు క్యాచి పట్టాడని బాబ్ టేలర్‌ను అంపైరు ఔటిచ్చాడు. బంతి బ్యాటుకు తగలలేదని అనిపించిన విశ్వనాథ్, కెప్టెన్ హోదాలో అప్పీలును వెనుకకు తీసుకొని టేలర్‌ను మళ్ళీ పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనము పది వికెట్ల తేడాతో ఓడిపోయాము. "ఓడాము, కాని ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు లేదు" అనేవారు నాన్నగారు. ఆ కథ మా వాడికి ఎన్నోసార్లు చెప్పాము. చెప్పడం వేరు, మన వంతు వచ్చినప్పుడు చెయ్యడం వేరు.

రోజులు గడిచాయి. 2024లో ఢిల్లీ జట్టు కొన్ని ఆటలకు విశాఖనే సొంత మైదానం చేసుకొంది. మార్చి 31, ఈస్టరు పండుగ నాటి రాత్రి, ఢిల్లీకి చెన్నైతో ఆట. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాము. చెన్నై ఓపెనర్లు ఇద్దరినీ ఔట్ చేసి, 21 పరుగులకు 2 వికెట్లు తీసి, ఆ రోజు ఉత్తమ ఆటగాడైన బౌలరు ఎవరో తెలుసునా? ఖలీల్ అహ్మద్! 2019లో అదే మైదానంలో ఢిల్లీ మీద అప్పీలు చేసినవాడు, ఇప్పుడు ఢిల్లీ చొక్కా తొడుక్కొని ఢిల్లీని గెలిపించాడు. ఇక అమిత్ మిశ్రా అంటారా, 2013లో మన సన్‌రైజర్స్ తరఫున హ్యాట్రిక్ తీసిన మనిషే. ఆనాడు మేమంతా ఆయనకు చప్పట్లు కొట్టినవాళ్ళమే.

ఆ మాట అనుకొంటుంటే మా పెద్దవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "చొక్కాలు మారిపోయాయి నాన్నా. వాడే లేడు" అన్నాడు. ఎవరిని గురించో మేము అడగలేదు.

2025 మార్చి 30 ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అవే రెండు జట్లు, అదే స్టేడియం. ఉదయం ఆరాధన కాగానే భోజనం చేసి వెళ్ళాము. మన వాళ్ళు 163కి ఆలౌటయ్యారు. ఢిల్లీ 16 ఓవర్లలోనే, 7 వికెట్ల తేడాతో గెలిచింది. మళ్ళీ ఓటమే. మా ముందు వరుసలో నీలం చొక్కా తొడుక్కున్న ఒక పిల్లవాడు, పదేళ్ళుంటాయేమో, తండ్రి భుజం పట్టుకొని గంతులు వేస్తున్నాడు. మా పెద్దవాడు వంగి, "బాగా ఆడారు మీ వాళ్ళు" అని చెయ్యి చాచాడు. ఆ పిల్లవాడు రెండు చేతులతో పట్టుకొని ఊపేశాడు.

ఆ రాత్రి వాడు పాత స్నేహితుల ద్వారా నంబరు సంపాదించి ఫోను చేశాడు. మేము ప్రక్క గదిలో ఉన్నాము. సగం తెలుగు, సగం హిందీ. క్షమించమని అడగడం వినపడింది. కాసేపటికి బయటకు వచ్చి, "ఆ సంగతి తనకు ఎప్పుడో మరుపుకు వచ్చిందట. నాన్నమ్మ ఎలా ఉందని అడిగాడు" అన్నాడు. నాన్నమ్మ పోయి అప్పటికి రెండేళ్ళయింది. ఆ కబురు విని అవతల అతడు ఏడ్చాడట.

మరచిపోయానన్నది నిజమో, మా వాడి మనసు తేలికపరచడానికి అన్నాడో మాకు తెలియదు. మా వాడికి మాత్రం ఆరేళ్ళు పట్టింది. ఆ రాత్రి చెయ్యి చాచినప్పుడే పట్టుకొని ఉంటే ఒక్క క్షణం పట్టేది.

ఇప్పుడు మా ఇంట ఒక నియమం పెట్టుకొన్నాము. ఏ ఆటైనా సరే, టీవీ కట్టేసే ముందు ఓడిన జట్టువారు లేచి గెలిచిన జట్టువారికి చెయ్యి కలపాలి. చిన్నవాడు చెన్నై పక్షం, మేము హైదరాబాద్ పక్షం కనుక ఎవరో ఒకరు లేవక తప్పదు. ఎక్కువసార్లు లేచేది మేమే. గ్లవ్సు అటక మీద నుండి దించి, తోలుకు నూనె రాసి చిన్నవాడికి ఇచ్చాము. ఈ వేసవిలో వాడు ఆడుకొంటున్నాడు.