తాత తుపాకి, నా కెమిస్ట్రీ



నేను కాజీపేటల హాస్టల్‌లో ఉండి బీఎస్సీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. దసరాకు ఊరికి పోతే తాత తన తుపాకి ముందర పెట్టి, "కెమిస్ట్రీ అంటున్నవు గద బిడ్డా, దీన్ని మల్ల నల్లగ చెయ్యి" అన్నడు.

పంట కాపలాకు లైసెన్సున్న మందు దట్టించే తుపాకి అది. 1959 ఆయుధ చట్టంలనే అట్లాంటి లైసెన్సుకు వీలుంది. ఎన్నికలప్పుడు అప్పజెప్పి తెచ్చుకునేసరికి గొట్టం నిండా తుప్పు.

హాస్టల్‌కొచ్చి చదివిన. గొట్టం మీది నలుపు పెయింట్ కాదు. అసలు బ్లూయింగ్‌ల కాస్టిక్ సోడా, నైట్రేట్ కలిపిన నీళ్లను 140 డిగ్రీల దగ్గర మరిగించి ఇనుమును ముంచుతరు. ఇనుము పైపొరే నల్లటి ఆక్సైడ్ అయితది. ఇంట్ల చేసే పని కాదు, చిందితే కండ్లు పోతయ్. కోల్డ్ బ్లూయింగ్‌కు మంట అక్కరలేదు. ఆ మందుల్ల ఎక్కువగా సెలీనియస్ ఆమ్లం, కాపర్ సల్ఫేట్ ఉంటయి. రాగి, సెలీనియం కలిసిన సన్నపొర పైన కూర్చుంటది, అంతే. సెలీనియం విషం. గ్లవుజులు వేసుకోవాలె, ఆరుబయట చెయ్యాలె.

సీసా తెప్పించి ముందు గొడ్డలి మీద చూసిన. తుప్పు గీకి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, దూదితో రుద్దిన. నిమిషంల నల్లబడ్డది! తాత మొఖం చూడాలె అప్పుడు. కడిగి నూనె పెట్టినం. నా వేలు తగిలిన కాడ మాత్రం మచ్చలు మిగిలినయ్. పది రోజులు కట్టెలు కొట్టేసరికి అంచుల పొంటి తెల్లగైంది.

ఇక తుపాకి వంతు. గరుకు కాగితం చేతిల పట్టుకున్నంక గొట్టం మీది నంబరు కనబడ్డది. తుప్పుతోపాటు అది అరిగిపోతే? నంబరు చెరపడం ఆ చట్టంలనే నేరం. తుప్పు గీకుతుంటే పోయింది సారూ అంటే మనోళ్ల మాట ఎవలు నమ్ముతరు? కాగితం కింద పెట్టిన.

"చేతగాదా?" అన్నడు తాత. జవాబు చెప్పనీకి కొంచెంసేపు పట్టింది. నంబరు మీద వేలు పెట్టి చూపిస్తే సమజైంది ఆయనకు. ఇప్పనూనె గుడ్డ తీసుకొని తనే తుడవవట్టిండు.

ఇప్పనూనె ఆరితే జిగటైతది. అందుకే పోయినసారి కాజీపేట నుంచి కుట్టుమిషన్ నూనె సీసా పట్టుకపోయిన. తుపాకికి అదే పెడుతున్నడు. గొడ్డలికి మాత్రం ఇప్పనూనే కావాలంటడు.