మా మామ కారవాన్ ఎక్కిన వేళ

కారవాన్ అనగానే మీ కళ్ళముందు ఏం మెదులుతుంది? ఔట్‌డోర్ షూటింగులో చెట్టునీడన ఆగి ఉన్న పొడవాటి తెల్లబస్సు. లోపల ఏసీ, చుట్టూ బల్బులున్న అద్దం, మెత్తటి సోఫా. తలుపు తెరుచుకోగానే హీరోగారు దిగుతారు, జనం ఈలలు వేస్తారు... అంతేకదూ?

నేను చెప్పబోయే కారవాన్‌కి ఏసీ లేదు. ఇంజనూ లేదు. దాన్ని లాగినవి రెండు ఎద్దులు. ఒళ్ళంతా థర్మోకోల్, పైన కాన్వాసు గుడ్డ. అందులోంచి దిగిన హీరోకి అరవై ఎనిమిదేళ్ళు. ఆయన మా మేనమామ. ఊరు ఇటిక్యాల.

ఇటిక్యాల ఎక్కడంటారా? కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేలని మావాళ్ళు నడిగడ్డ అంటారు. అందులో ఒక ఊరు. ఒకప్పుడు పాలమూరు జిల్లా, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. కర్నూలు వెళ్ళే రైలు దారిలో ఈ పేరుతో చిన్న స్టేషనుంది. చుట్టూ పత్తి, వేరుసెనగ, మిరప. మీరు 2009లో వచ్చిన ‘అరుంధతి’ చూసి గద్వాల సంస్థానం అంటే ఇలా ఉంటుందనుకుని ఉంటారు. అక్కడ మీరు చూసిన బంగళా బనగానపల్లెది సుమండీ! సినిమాలో ఊరు ఒకటి, రాయి ఇంకొకటి. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మామ అడిగిన కోరిక

మా మామ కుర్రతనంలో, 1970లలో, టూరింగు టాకీసులో పనిచేశాడు. గూటాలు దిగ్గొట్టడం, డేరా ఎత్తడం, తెర కట్టడం, నేల టిక్కెట్టువాళ్ళని బెంచీల్లోకి రాకుండా చూడటం ఆయన డ్యూటీ. మెషిను ఒక్కటే కనక రీళ్ళు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లే! ఒక ఊళ్ళో కొన్నాళ్ళు ఆడి, డేరా విప్పి, బండ్లమీద వేసుకుని ఇంకో ఊరు. సినిమా ఇలా గుడ్డకింద పుట్టి పెరిగినదే కదా! రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి ఆయన దగ్గర ప్రొజెక్టరు కొని దక్షిణాదిలో ఊరూరా తిరిగాడు. మన రఘుపతి వెంకయ్యగారు మెషిను పట్టుకుని బర్మా, సింహళం దాకా వెళ్ళి బొమ్మ చూపించారు. మా మామ ఆ దారిన పోయిన వేలమందిలో ఒకడు.

అలాంటి మనిషి రెండేళ్ళక్రితం జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది గాని, గడప దాటడం మానేశాడు. నేలమీద కూర్చుంటే లేవలేడు. పొరుగూళ్ళో పడుకోవాలంటే భయం. ఆగస్టులో, పైన జూరాల గేట్లెత్తారని వార్త వచ్చిన రోజు, మంచంమీంచి నాతో అన్నాడు:

“అల్లుడా, బీచుపల్లి కాడ నిండు కృష్ణను చూసి శానా దినాలాయె. ఒక్క రాత్రి ఆడ పండుకోవాలని ఉంది. కానీ నేలమీద పండుకుంటే నన్ను లేపేదెవడు? నువ్వా?”

హోటలు గది అంటే ఒప్పుకోడు. “నది చూడనీకి పోయి గోడ చూడమంటావా?” అంటాడు. అదిగో, అప్పుడు పుట్టింది కారవాన్ ఆలోచన.

థర్మోకోల్ వీరుడు

నా స్నేహితుడొకడు హైదరాబాదులో సినిమా సెట్టింగు పని చేస్తాడు. షూటింగులు లేక ఖాళీగా ఉన్నాడు. ఫోను చెయ్యగానే దిగిపోయాడు. మీకు తెలియనిదేముంది! 2003లో ‘ఒక్కడు’ కోసం ఆర్ట్ డైరెక్టర్ అశోక్ హైదరాబాదు శివార్లలో ఏకంగా చార్మినారే నిలబెట్టారు. ఆ విద్య నేర్చినవాళ్ళకి నాలుగు గోడల పెట్టె ఒక లెక్కా?

ఈ థర్మోకోల్ బండి మా సొంత కనిపెట్టుడేం కాదు. అమెరికాలో 1930ల నుంచే కారు వెనక తగిలించుకునే కన్నీటిచుక్క ఆకారపు బుల్లి పడకగదులు ఉన్నాయి. చెక్కతో చేస్తే బరువు. అందుకని ఈ మధ్య కొందరు సొంతంగా ఫోము పలకలు అతికించి, పైన కాన్వాసు గుడ్డని జిగురుతో పరిచి, ఇంటిగోడలకు వేసే రంగు పూస్తున్నారు. ఎండాక అది అట్టముక్కలా గట్టిపడుతుంది. దానికి ‘పేదవాడి ఫైబర్‌గ్లాస్’ అని ముద్దుపేరు.

మనదేశంలో కారు వెనక లాక్కెళ్ళాలంటే ట్రైలరుకి కూడా రిజిస్ట్రేషను కావాలి. అదో పెద్ద తతంగం. మా పక్కింటి రైతు టైరుబండి ఉండగా ఆ బాధెందుకు? పెట్టె తయారుచేసి దానిమీద కట్టేద్దామనుకున్నాం.

కొలతలు: 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. అడుగున ప్లైవుడ్డు, మూలల్లో సన్నటి చెక్క, మిగతాదంతా 2 అంగుళాల మందం థర్మోకోల్. గోడలూ కప్పూ కలిపి థర్మోకోల్ బరువు ఎంతనుకున్నారు? 11 కిలోలు! ప్లైవుడ్డు, చెక్క, గుడ్డ, జిగురు, రంగు అన్నీ కలిపినా 60 కిలోలు దాటలేదు. థర్మోకోల్‌లో ఉండేది చాలావరకు గాలే. అందుకే తేలిక, అందుకే ఎండ వేడి లోపలికి రానివ్వదు.

వారం రోజులు మా పెరడు స్టూడియో అయిపోయింది. కాగిన తీగతో పలకలు కోశాం. గుడ్డని ముందే వేడినీళ్ళలో ఉతికి ఆరేశాం, తర్వాత కుంచించుకుపోకుండా. పలచగా కలిపిన జిగురు రాసి, గుడ్డ పరిచి, బ్రష్షుతో ముడతలు తీశాం. ఒకచోట మెరుపు కోసమని నేను థిన్నరు కలిపిన ఎనామిల్ పూశాను. చూస్తుండగానే థర్మోకోల్ వేడి పెనంమీద వెన్నలా గుంటపడింది! మావాడు నెత్తి కొట్టుకున్నాడు. థిన్నరు, పెట్రోలు లాంటివి తగిలితే అది కరిగిపోతుందట. నీళ్ళలో కలిసే రంగే వాడాలి.

మామ మంచంమీంచే డైరెక్షను చేశాడు. “రెండు పక్కలా కిటికీలు పెట్టండి, లేకుంటే పొద్దుగాల శవాన్ని దించుకోవాలె” అన్నాడు. నిజమే, సందులేని పెట్టెలో ఊపిరాడదు. జాలీ కొట్టి రెండు కిటికీలు పెట్టాం. “దోమలచక్రం, దీపం, బీడీ లోపలికి రాకూడదు. డేరాకి నిప్పంటుకుంటే ఏమైతదో నాకు తెలుసు” అన్నాడు. థర్మోకోల్ అంటుకుంటే నల్లటిపొగతో కరిగి కారుతుంది. ఆయన మాట శాసనం.

ముందువైపు చూడాలి, తళతళ! తెల్లరంగు, నీలం అంచు, గుండ్రటి తలుపు. మావాడు చేతులు కట్టుకుని దూరం నుంచి చూసి, “షాట్ రెడీ!” అన్నాడు.

బీచుపల్లి రాత్రి

తెల్లవారకముందే కదిలాం. హైవే ఎక్కకుండా పొలాలబాట. దారిలో పిల్లలు వెంటపడ్డారు. ఒకడు “ఐస్‌క్రీం ఎంత?” అన్నాడు. ఇంకొకడు “షూటింగా అన్నా? హీరో ఎవరు?” అన్నాడు. మామ కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపాడు. ఆ నవ్వు చూసి రెండేళ్ళయింది.

బీచుపల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. హైదరాబాదు, బెంగుళూరు దారిలో కృష్ణ వంతెన దాటేటప్పుడు మీలో చాలామంది ఆ ఆంజనేయస్వామి గుడికి బస్సులోంచే దణ్ణం పెట్టుకుని ఉంటారు. స్వామి దర్శనమయ్యాక నీటికి దూరంగా మెరకమీద బండి ఆపాం. ఎద్దుల్ని విప్పి, బండి ఒరగకుండా కాడికింద కర్ర ఆనించాం. మామకి నడుమెత్తు పరుపు, దిగడానికి చిన్న పీట. ఆయన తలుపు తీసుకుని కాళ్ళు బయటికి వేలాడేసి, ఎర్రటి నీళ్ళు వంతెన స్తంభాలకి కొట్టుకుంటుంటే చీకటిపడేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట లేదు.

రాత్రి వాన దిగింది.

మొదట బాగానే ఉంది. డోలుమీద చినుకులు పడ్డట్టు చప్పుడు. కాస్సేపటికి మామ పిలిచాడు. “అల్లుడా, నా తలకింద తడిరా!” టార్చి వేసి చూద్దునుకదా, వెనకగోడ గుడ్డ బుడగలు లేచి, జిగురు పాలలా కారుతోంది!

ఏం జరిగిందో అర్థమైందా? మావాడు సెట్టింగు మనిషి. సెట్టుకి ముందువైపే ఉంటుంది. వెనక వట్టి కర్రలూ, మేకులూ. కెమెరా అటు వెళ్ళదు కదా! చేతి అలవాటుకొద్దీ బండి వెనకవైపు ఒక్క పూత తూతూమంత్రంగా వేసి వదిలేశాడు. పైగా తెచ్చింది సెట్టుకి వాడే మామూలు జిగురు. నీళ్ళకి తట్టుకునే రకం కాదు. నాలుగు కాల్షీట్లు నిలబడితే చాలనుకునే సరుకు. చూశానుగా, నాకూ అనుమానం రాలేదు. నేనూ సినిమా చూసేవాణ్ణేగా, ముందునుంచే చూశాను!

“సామాన్లమీద కప్పిన పట్టా తియ్యిరా,” అన్నాడు మామ. ఊతకర్ర పట్టుకుని లేచి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతులో యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. “గాలి యాడినుంచి వస్తుంది? ఆ పక్క ముందు కట్టు. గూటం నిలువుగా కాదు, బయటికి వంచి కొట్టు. మోకు బిగించకు! నూలుమోకు తడిస్తే తానే బిగుసుకుంటుంది. ఇప్పుడే బిగిస్తే తెల్లారేసరికి గూటం పీకుతుంది. ఒక బెత్తెడు వదులు పెట్టు.”

తడుస్తూ ఇద్దరం ఆయన చెప్పినట్టే చేశాం. పావుగంటలో కారవాన్‌మీద డేరా లేచింది. తెల్లవారి చూస్తే మోకులు తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. గూటం ఒక్కటి కదల్లేదు. మామ పొడిదుప్పటి కప్పుకుని గురకపెడుతున్నాడు.

వెనకనుంచి చూడండి

ఇంటికొచ్చాక వెనక గుడ్డ మొత్తం పీకేశాం. ఈసారి నీటికి తట్టుకునే జిగురు, కొత్త గుడ్డ, మూడు పూతల రంగు. అడుగుభాగానికి కూడా. మావాడు ఒక్క ముక్క మాట్లాడకుండా బండికింద దూరి మరీ పూశాడు. అయ్యాక, “అన్నా, పదేళ్ళలో నేను చేసినవాటిలో వెనకవైపు కూడా రంగున్నది ఇదొక్కటే,” అన్నాడు. అన్నప్పుడు గొంతు కాస్త అదోలా ఉంది. కట్టినవన్నీ షూటింగు అయ్యాక పీకేస్తారు మరి.

మొత్తం ఖర్చు, రెండోసారి చేసినదాంతో కలిపి, 20 వేల లోపు. మీలో ఎవరికైనా చేసుకోవాలనిపిస్తే శుభం. నిప్పుకి దూరం, థిన్నరుకి దూరం, కిటికీలు తప్పనిసరి. జిగురు దగ్గర పిసినారితనం వద్దు.

సినిమా చూసినప్పుడు ముందువైపు చూసి ఈల వేయండి, తప్పులేదు. దానికోసమే కట్టారు. కానీ మనుషులు పడుకునే చోటుని మాత్రం వెనకనుంచి చూడాలి.

దసరా తర్వాత అలంపూరు ప్రయాణం పెట్టుకున్నాం. మొన్న మామ ఊతకర్రతో పెరట్లోకి తనంతట తానే నడిచొచ్చాడు. ముందువైపు వంక కూడా చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి, గోడమీద రెండుసార్లు వేలితో కొట్టి విన్నాడు.

“ఇప్పుడు ఎద్దులు కట్టు,” అన్నాడు.