టర్బో కారు, సబ్బు నీళ్ళు

ఎవరో రాసి వదిలేసిన కోడ్‌ని నెత్తిన వేసుకున్నవాళ్ళకి తెలుస్తుంది, బగ్ కన్నా దాని మీద వేసిన ప్యాచ్‌లే ఎక్కువ ఏడిపిస్తాయని. నేను హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొని రాజాం తెచ్చుకున్న 2017 మోడల్ టర్బో పెట్రోల్ కారు అచ్చం అలాంటిదే. పాత ఓనరు ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాడు, ఈసీయూ రీమ్యాప్ చేయించాడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా "ఛిస్స్" మనడానికి బ్లో-ఆఫ్ వాల్వు బిగించాడు. ఏది ఎప్పుడు చేయించాడో ఒక్క కాగితం ముక్క లేదు. డాక్యుమెంటేషన్ లేకపోవడం మనకేమైనా కొత్తా!

రోగం ఏంటంటే, ఐడిల్‌లో వణుకు, చెక్ ఇంజిన్ లైటు. అంతవరకూ భరించొచ్చు. కానీ గట్టిగా తొక్కితే మూడు వేల ఆర్పీఎం దాటాక ఇంజిను ఒక్కసారి ఊపిరి బిగబట్టి మళ్ళీ అందుకుంటోంది. మా నాన్నగారిని నెలనెలా చెకప్‌కి విశాఖ తీసుకెళ్ళాలి. చీపురుపల్లి రోడ్డులో లారీని దాటుతూ ఉండగా, ఎదర బస్సు వస్తూ ఉండగా ఆ పని చేసిందనుకోండి...

సలహాలకు మాత్రం కొదవ లేదు. టర్బో మార్చమని ఒకరు, ఇంజెక్టర్లని ఇంకొకరు, ఫ్యూయల్ పంపని మరొకరు. సర్వర్ పడిపోతే లాగ్ చూడకుండా ర్యామ్ కొనమనే బాపతు అన్నమాట. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి. అంటే లాగ్ కారులోనే ఉంది, వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్‌లో చదువుకోవడమే.

కోడ్ పీ0171, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేదని. అసలు విషయం కోడ్‌లో కాదు, ఫ్యూయల్ ట్రిమ్‌లో ఉంటుంది. ఈసీయూ తన లెక్క మీద అదనంగా ఎంత పెట్రోలు పోయాల్సి వస్తోందో చెప్పే శాతం అది. నా కారుకి ఐడిల్‌లో +19, 2500 ఆర్పీఎం దగ్గర +7. ఇందులో నాలుగైదు శాతం ఈ20 పెట్రోలు ఖాతాలో వేయొచ్చు. ఇథనాల్ పెరిగేకొద్దీ అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. మిగతాది? పంపు బలహీనపడితే లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. అంటే సెన్సర్ కొలవని గాలి ఎక్కడో దూరుతోంది. ఇంజిను తక్కువ గాలి పీల్చే ఐడిల్‌లోనే ఆ దొంగగాలి వాటా ఎక్కువ.

తమాషా ఏంటంటే, టర్బో ఊదడం మొదలెట్టగానే కథ తిరగబడుతుంది. అప్పుడు మానిఫోల్డ్ లోపల ఒత్తిడి బయటకన్నా ఎక్కువ కాబట్టి, సెన్సర్ కొలిచిన గాలే అదే కన్నంలోంచి బయటికి పోతుంది. పెట్రోలు మాత్రం లెక్క ప్రకారం పడుతుంది. ఒకటే కన్నం, రెండు వ్యతిరేక లక్షణాలు!

పొగ పెట్టి లీకు పట్టే మెషిన్ మా ఊళ్ళో దొరకలేదు. మేస్త్రీ గారితో చెబితే, "దానికి మెషినెందుకు బాబూ, టూబుకి పంచరెలాగ సూస్తాం?" అన్నాడు. ఇంజిను ఆపి, ఇన్‌టేక్ గొట్టానికి మూత బిగించి, కంప్రెసర్‌తో ఐదు పీఎస్‌ఐ మాత్రం వదిలి, సబ్బునీళ్ళు కొట్టాం. బ్లో-ఆఫ్ వాల్వుకి వెళ్ళే సన్న రబ్బరు ట్యూబు జాయింటు దగ్గర బుడగలు! "ఇదిగో నీ టర్బో," అని నవ్వాడు. వాల్వు పీకి కంపెనీది పెట్టించాను. ప్లగ్గులు కూడా విప్పి చూస్తే గ్యాప్ బాగా పెరిగిపోయి ఉంది. బూస్ట్ పెరిగేకొద్దీ స్పార్క్ దూకడం కష్టం, అందుకే ఆ తడబాటు. కొత్తవి వేశాం. ఇప్పుడు ట్రిమ్ రెండుచోట్లా +5.

మిగిలింది రీమ్యాప్. బండిని కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్ళు మొదట వెతికేదీ అదే. మా తమ్ముడేమో "ఉంచరా, ఆ పికప్ మళ్ళీ రాదు" అంటున్నాడు. వాడికేం, పక్కసీట్లో కూర్చునేది నాన్నగారు. వచ్చే శనివారం విశాఖలో ఒరిజినల్ మ్యాప్ ఎక్కించడానికి టైమ్ తీసుకున్నాను. అందాకా మూడు వేల ఆర్పీఎం దాటించట్లేదు.