బండి వచ్చింది, పేరు రాలేదు

ఢిల్లీలో చౌకగా దొరికే పాత కారు రెండు రోజుల్లో హైదరాబాద్ చేరుతుంది. అది చట్టం దృష్టిలో సొంతం కావడానికి పట్టే దారే పొడుగు

ఉదయం పదకొండు దాటేసరికి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌లో పాత కార్ల బానెట్లు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. తడిగుడ్డతో తుడిచిన డ్యాష్‌బోర్డులు, కొత్త సీటు కవర్లు, నల్లగా పాలిష్ కొట్టిన అరిగిన టైర్లు. వ్యాపారి నోట ముందుగా వచ్చేది ధర కాదు, 'సింగిల్ ఓనర్' అన్న మాట. దక్షిణాది నుంచి రైలు దిగి నేరుగా ఇక్కడికి వచ్చేవారి కళ్లు మాత్రం ధర మీదే ఉంటాయి.

ఆ చౌకకు కారణం కోర్టుల్లో ఉంది. 15 ఏళ్లు దాటిన వాహనాలు రాజధాని రోడ్ల మీద తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014లో ఆదేశించింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లనూ 2015లో ఆ జాబితాలో చేర్చింది. 2018లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. వయసు మీరిన బండ్లకు పెట్రోలు, డీజిలు పోయకుండా ఆపాలని 2025 జులైలో చేసిన ప్రయత్నం రోజుల్లోనే ఆగిపోయింది. ఆగస్టులో సుప్రీం కోర్టు యజమానులకు ఊరటనిచ్చినా, డిసెంబరులో దాన్ని బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. ఈ ఊగిసలాటలో గడువు దగ్గరపడుతున్న కారును ఢిల్లీవాసి వదిలించుకోవాలనుకుంటాడు. అలాంటి గడువు లేని ఊళ్లో ఉన్నవాడికి అదే మంచి బేరం.

అయితే ఆ కారును ఎవరు పరీక్షించినట్టు? సొంత వాడకపు కారుకు మొదటి 15 ఏళ్లూ విడిగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉంటే చాలు. అంటే కొనేవాడు కాలనీ చుట్టూ తిప్పి చూసే పావుగంటే పరీక్ష. పైన పటారం, లోన లొటారం అన్నది తేలేది హైవే ఎక్కాకే. కానీ ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ, లేదా కాస్త చూస్తే తెలిసేదే అయినా, బండిని రోడ్డెక్కించడం మోటారు వాహనాల చట్టం కింద నేరం. అందుకే తెలిసినవారు ఆ రాత్రికి బయల్దేరరు. బ్రేకులు, టైర్లు, కూలెంటు, స్టీరింగు చూపించడానికి సొంతంగా ఓ మెకానిక్‌ను వెతుక్కుంటారు. రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన బండిని అసలు నడపనేకూడదు. దాన్ని లారీ మీదకు ఎక్కించాల్సిందే.

తర్వాత కాగితాల వంతు. ఆర్‌సీ, అమలులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా కదలకూడదు. బీమా లేకపోతే మొదటిసారి రూ.2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే జరిమానా రూ.10,000 దాకా వెళ్లొచ్చు. అమ్మినవారు సంతకం చేసిన 29, 30 నంబరు ఫారాలు, అప్పు మీద కొన్న బండి అయితే బాకీ తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, తేదీతోపాటు సమయమూ వేసిన డెలివరీ రసీదు దగ్గరుండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది 28వ నంబరు ఫారంతో తెచ్చుకునే నిరభ్యంతర పత్రం, అందరి నోటా ఎన్‌ఓసీ. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో అధికారులు కాదనకపోతే ఇచ్చినట్టేనని చట్టం చెబుతోంది. ఇచ్చేముందు చలాన్ల బాకీ, దొంగ బండేమోనన్న అనుమానం రెండూ తీరాలి.

బీమాలోనూ ఓ మెలిక ఉంది. బండి చేతులు మారితే ఎదుటివారికి జరిగే నష్టానికిచ్చే బీమా దానంతటదే కొత్త యజమానికి వస్తుంది. సొంత బండికి జరిగే నష్టానికి ఆ సౌకర్యం లేదని సుప్రీం కోర్టు 1996లోనే తేల్చింది. పాలసీ మార్పించుకోవడానికి చట్టం 14 రోజుల గడువిచ్చింది. కానీ దారిలో తగిలే సొట్ట అంతదాకా ఆగదు.

ఇక దారి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగ్రా దాకా 165 కిలోమీటర్ల కాంక్రీటు. అరిగిన టైర్లకు అసలు పరీక్ష ఇక్కడే. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి. ధోల్‌పూర్ దాటగానే చంబల్ లోయలు, ఆపై గ్వాలియర్, ఝాన్సీ, సాగర్. బర్మాన్ దగ్గర నర్మద. సివనీ దాటాక పెంచ్ అడవుల్లో పులులు, జింకలు కింద నుంచి వెళ్లేలా రోడ్డునే ఎత్తి కట్టారు. నాగ్‌పూర్, హింగన్‌ఘాట్, పెన్‌గంగ వంతెన దాటితే ఆదిలాబాద్. సోన్ దగ్గర గోదావరి కనిపిస్తే ఇల్లు చేరినంత ధీమా. మొత్తం 1,500 కిలోమీటర్ల పైచిలుకు.

ఫాస్టాగ్ మార్చకపోతే ఈ దారి పొడవునా ప్రతి టోల్‌గేటు దగ్గరా ఢిల్లీలో పాత యజమాని ఫోను మోగుతూనే ఉంటుంది. డబ్బు కట్ అయిందని సందేశం. కారు ఇంకా ఆయన పేరు మీదే పరుగెడుతోందని అంతకన్నా స్పష్టంగా చెప్పేది లేదు. అది టోలుతో పోయేది కాదు. అమ్మేశాక అనేక చేతులు మారిన కారు ప్రమాదం చేసిన కేసులో, రికార్డుల్లో ఎవరి పేరుందో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీం కోర్టు 2018లో తీర్పు చెప్పింది. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు విషయంలోనూ పోలీసులు మొదట వెళ్లింది దాన్ని ఎప్పుడో అమ్మేసిన వ్యక్తి దగ్గరికే.

'వేరే రాష్ట్రం బండిని ఏడాదిపాటు తిప్పుకోవచ్చు' అన్నది కొన్నవారికి ధైర్యమిచ్చే మాట. 12 నెలల గడువు నిజమే, కానీ అది కొత్త నంబరు తీసుకోవడానికి. కొన్నవారు తన ఊరి రవాణా కార్యాలయంలో యాజమాన్యం మార్పించుకోవడానికి చట్టం ఇచ్చింది 30 రోజులే. కార్యాలయానికి వెళ్తే బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీలో మిగిలిన బేరం కొంత ఇక్కడ కరిగిపోతుంది. ఆ లెక్క చూసే చాలామంది వాయిదా వేస్తారు.

వాయిదా వేయనివారికి చివరగా మిగిలేది తనిఖీ. ఛాసిస్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. అవి ఢిల్లీ కాగితాల్లోని అంకెలతో సరిపోవాలి. కొత్త ఆర్‌సీ చేతికొచ్చిన రోజున కారు నిజంగా ఇల్లు చేరినట్టు. 1,500 కిలోమీటర్ల అవతల ఇంకొకరు నిశ్చింతగా నిద్రపోయేదీ ఆ రోజు నుంచే.